మితవాద పార్టీలో మితవాదుల కష్టాలు

ముందుగా ఒక చిన్న భాషా సమస్య. మన తెలుగు పత్రికల్లో రైట్ వింగ్ ని "మితవాదం" అంటారు. 1907లో సూరత్ లో కాంగ్రెస్ చీలినప్పుడు గోఖలే వైపు ఉన్నవాళ్ళని కూడా మనం "మితవాదులు" అనే చదువుకున్నాం. రెండూ ఒకటి కాదు. అమెరికాలో రిపబ్లికన్ పార్టీ మొదటి అర్థంలో మితవాద పార్టీ. అందులో రెండో అర్థంలో మితవాదులు కూడా కొందరున్నారు (ఉండేవారు అనాలేమో). ఈ టపా వాళ్ళ గురించి. గందరగోళం లేకుండా వాళ్ళని ఇక్కణ్ణించీ మోడరేట్లు అంటాను. వానొచ్చినా వరదొచ్చినా ప్రతి ఎన్నికలోనూ వెళ్ళి ఓటేసి వచ్చే గట్టి ఓటర్లని, ఇక్కడి వాళ్ళు అన్నట్టే, బేస్ అంటాను.

"వాళ్ళ పార్టీ గొడవ మనకెందుకు?" అని అడక్కండి. మనలో చాలామంది గ్రీన్ కార్డు ఆ గొడవలోనే ఇరుక్కుంది.

2014 జూన్ 10, మంగళవారం. అప్పటికి మేము వర్జీనియాలో, రిచ్మండ్ పక్కన హెన్రైకో కౌంటీలో ఉంటున్నాం. ఇప్పటికీ అక్కడే. ఆ రాత్రి ప్రొడక్షన్ రిలీజ్ ఉంది. కాన్ఫరెన్స్ కాల్ ని మ్యూట్ లో పెట్టి పెరుగన్నం తింటూ టీవీ చూస్తున్నాను. మా నియోజకవర్గం ప్రతినిధి ఎరిక్ కాంటర్ పార్టీ ప్రైమరీలో ఓడిపోయాడని వార్త. మొదట స్క్రోలింగ్ లో ఎవరో తప్పు టైపు చేశారనుకున్నాను.

ఎందుకంటే కాంటర్ అల్లాటప్పా మనిషి కాదు. ప్రతినిధుల సభలో మెజారిటీ లీడర్. స్పీకర్ తర్వాత స్పీకరంతటి వాడు. 1899లో ఆ పదవి పుట్టాక దాంట్లో ఉన్న మనిషి సొంత పార్టీ ప్రైమరీలో ఓడిపోవడం అదే మొదటిసారి. ఓడించింది ఎవరయ్యా అంటే డేవ్ బ్రాట్ అని, దగ్గర్లోని ఆష్లాండ్ లో ఓ చిన్న కాలేజీలో ఎకనామిక్స్ చెప్పే ప్రొఫెసరు. కాంటర్ ఖర్చు 50 లక్షల డాలర్లు దాటింది. బ్రాట్ ది అందులో వీసమెత్తు. కాంటర్ మనుషులు చేయించుకున్న సర్వేలో ఆయన 34 పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాడు. చివరికి 11 పాయింట్ల తేడాతో ఓడాడు. మన భాషలో చెప్పాలంటే టెస్ట్ ఎన్విరాన్మెంట్ లో అన్ని కేసులూ పాస్, ప్రొడక్షన్ లో క్రాష్.

ఓట్ల లెక్క చూస్తే ఇంకా ఆశ్చర్యం. బ్రాట్ కి సుమారు 36 వేలు, కాంటర్ కి సుమారు 29 వేలు. అంటే మొత్తం 65 వేల చిల్లర. నియోజకవర్గం జనాభా ఏడు లక్షల పైచిలుకు. మా కౌంటీ మాట అటుంచి, దేశం మొత్తం మీద ఇమ్మిగ్రేషన్ చట్టం ఏమవ్వాలో ఆ 36 వేల మంది తేల్చేశారు.

ఎలాగంటారా? కొంచెం వెనక్కి వెళ్ళాలి.

2013 జూన్ లో సెనేట్ లో ఎస్.744 అనే పెద్ద ఇమ్మిగ్రేషన్ బిల్లు 68-32తో పాసయింది. రాసింది ఎనిమిది మంది సెనేటర్లు, చెరో పార్టీ నుంచీ నలుగురు. రిపబ్లికన్ల వైపు మెకెయిన్, లిండ్సే గ్రాహం, రూబియో, జెఫ్ ఫ్లేక్. ఓటింగ్ లో 14 మంది రిపబ్లికన్లు సరేనన్నారు. అందులో పత్రాల్లేని లక్షలాది మందికి చట్టబద్ధత ఇచ్చే దారి ఉంది. అందరూ మాట్లాడింది దాని గురించే. మన గురించి కూడా ఓ ముక్క ఉంది. ఉద్యోగం మీద వచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి 1,40,000. ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదని నిబంధన. భారతదేశానికీ అంతే, ఐస్ లాండ్ కీ అంతే. ఆ దేశాల కోటాని ఈ బిల్లు ఎత్తేసేది. అప్పటికి నా ప్రయారిటీ డేట్ వచ్చి మూడేళ్ళు. మా ఆఫీసులో మధ్యాహ్నం డబ్బాలు తెరిచే బల్ల దగ్గర ఆ నెలంతా వేరే కబురు లేదు.

బిల్లు ప్రతినిధుల సభకి వెళ్ళింది. స్పీకర్ బేనర్ దాన్ని ఓటింగ్ కి పెట్టలేదు. తన పార్టీ సభ్యుల్లో సగానికి పైగా ఒప్పుకోనిదే ఏ బిల్లూ బల్ల మీదకి రాదన్నది వాళ్ళ అలిఖిత నియమం. అయినా "ముక్కలు ముక్కలుగా ఏదో ఒకటి చేస్తాం" అన్న ఆశ మిగిలి ఉండేది. కాంటర్ సెనేట్ బిల్లుని వ్యతిరేకించాడు. చిన్నప్పుడు తల్లిదండ్రులతో వచ్చేసిన పిల్లలకి మాత్రం ఏదో దారి చూపాలని అన్నాడు. అంతే, ఆ ఒక్క మాటని బ్రాట్ "అమ్నెస్టీ" అని ఊరూరా తిప్పాడు. జూన్ 10 తర్వాత ఇక ఏ రిపబ్లికన్ కీ నోరు లేవలేదు. ఆ నెలాఖరుకి బేనర్ ఈ ఏడాది ఓటింగ్ లేదని ఒబామాకి చెప్పేశాడు. కథ కంచికి, మనం క్యూలోకి.

ఆ కోపంలో నేనూ అందరిలాగే అనుకున్నాను. ఈ బేస్ అంటే చదువూ సంధ్యా లేని మూకనీ, మోడరేట్లు పాపం మంచివాళ్ళనీ. ఆ అభిప్రాయం మార్చింది మా పక్కింటి పెద్దాయన.

ఆయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. మా నాన్నగారు పోయినప్పుడు నేను రాత్రికి రాత్రి ఇండియా వెళ్తే, మూడు వారాలు మా లాన్ కోసి, ఉత్తరాలు తీసి పెట్టింది ఆయనే. ఎన్నికలైన వారానికి కంచె దగ్గర కలిస్తే, బ్రాట్ కి ఓటేశానని ఆయనే చెప్పారు. నాకు చివుక్కుమంది. మొహం మీద కనిపించినట్టుంది. ఆయనన్న మాటల సారాంశం ఇది. "నీ మీద నాకేం కోపం లేదు. నువ్వు కాయితాలు సరిగ్గా పెట్టుకుని వచ్చావు. నా కోపం మావాళ్ళ మీద. 1986లో రీగన్ ఇలాగే ఒక బిల్లు మీద సంతకం పెట్టాడు. పాతవాళ్ళకి చట్టబద్ధత ఇస్తాం, కొత్తగా రాకుండా గట్టిగా ఆపుతాం అన్నారు. మొదటిది చేశారు. రెండోది ఎవడూ చెయ్యలేదు. ఇప్పుడు మళ్ళీ అదే పాట. ఒకసారి మోసపోతే తప్పు వాళ్ళది, రెండోసారి మోసపోతే తప్పు నాది."

ఇంటికొచ్చి చదివాను. ఆయన చెప్పింది అబద్ధం కాదు. 1986 చట్టం కింద దాదాపు 27 లక్షల మందికి చట్టబద్ధత వచ్చింది. పత్రాల్లేని వాళ్ళని పనిలో పెట్టుకునే యజమానుల మీద వేస్తామన్న జరిమానాలు మాత్రం పెద్దగా పనిచెయ్యలేదు.

అప్పట్నించీ నాకొక అలవాటయింది. బేస్ ఫిర్యాదుల చిట్టా వాళ్ళ వైపు నుంచి చదవడం. చిట్టా పెద్దదే. 1988లో పెద్ద బుష్ కొత్త పన్నులు వెయ్యనని పార్టీ మహాసభలో ప్రమాణం చేసినంత పని చేశాడు. 1990లో పెంచాడు. ఒబామా కేర్ ని రద్దు చేస్తామని ప్రతినిధుల సభలో యాభైకి పైగా సార్లు ఓటింగ్ పెట్టారు. ఒబామా వీటో ఉంది కాబట్టి ఏం కాదని అందరికీ తెలుసు. తీరా 2017లో సభలు రెండూ, వైట్ హౌస్ కూడా చేతికొచ్చాక చూస్తే, ప్రత్యామ్నాయం ఏమిటో ఎవరి దగ్గరా లేదు. పైగా "కరడుగట్టినవాణ్ణి పెడితే ఓడిపోతాం" అని చెప్పి 2008లో మెకెయిన్ ని, 2012లో రామ్నీని నిలబెట్టారు. ఇద్దరూ ఓడారు. మీరే ఆ బేస్ లో ఉంటే ఏమంటారు? "మీ తెలివితేటలు చాల్లే, ఇక మేం చెప్పినట్టు వినండి" అనరూ?

నాకు అర్థమైందేమిటంటే, బేస్ కి మోడరేట్ల మీద ఉన్న కోపంలో సగం సిద్ధాంతం, సగం నమ్మకద్రోహం. సిద్ధాంతం తేడాని మాట్లాడుకుని తీర్చుకోవచ్చు. రెండోదానికి మందు లేదు.

పోనీ ఈ మోడరేట్లేమన్నా అమాయకులా? కాంటర్ నే తీసుకోండి. నిజానికి ఆయన మోడరేట్ కానే కాదు. 2010లో ఆయన, పాల్ రయన్, కెవిన్ మెకార్తీ కలిసి "యంగ్ గన్స్" అని పేరు పెట్టుకుని, పుస్తకం కూడా వేసుకుని, టీ పార్టీ కోపాన్ని ఓట్లుగా మార్చుకుని ప్రతినిధుల సభ గెలిచారు. వాషింగ్టన్ మొత్తం కుళ్ళిపోయిందనీ, రాజీ అంటే ద్రోహమనీ జనానికి నూరిపోశారు. 2014లో కాంటర్ ప్రైమరీలో పోయాడు. 2015లో బేనర్ సొంత పార్టీ వాళ్ళ పోరు పడలేక రాజీనామా చేశాడు. ఆయన కుర్చీలో కూర్చున్న రయన్ 2018లో ఇక పోటీ చెయ్యనని తప్పుకున్నాడు. 2023 అక్టోబరు 3న మెకార్తీని స్పీకర్ పదవి నుంచి 216-210తో దించేశారు. దానికి సొంత పార్టీ వాళ్ళు ఎనిమిది మంది చాలారు. ముగ్గురికి ముగ్గురూ! భస్మాసురుడికి వరమిచ్చిన శివుణ్ణి కాపాడ్డానికి మోహిని వచ్చింది. వీళ్ళకి ఎవరూ రాలేదు.

మెకెయిన్ అంటే నాకు గౌరవం. 2008 అక్టోబరులో మిన్నెసోటాలోని లేక్ విల్ సభలో ఒకావిడ లేచి ఒబామాని నమ్మలేననీ, అతను అరబ్బనీ అంది. మెకెయిన్ ఆవిడ చేతిలో మైకు తీసుకుని, కాదమ్మా, అతను మర్యాదస్తుడు, కుటుంబం ఉన్నవాడు, నాకూ అతనికీ అభిప్రాయభేదాలు మాత్రమే అన్నాడు. అదే సభలో ఒబామా అంటే భయపడక్కర్లేదు అన్నందుకు సొంత జనమే ఆయన్ని "బూ" అని అరిచారు. బేస్ మొహం మీదే నిజం చెప్పాడు. దానికి దమ్ము కావాలి.

కానీ అదే మెకెయిన్ 2005లో కెన్నెడీతో కలిసి ఇమ్మిగ్రేషన్ బిల్లు తెచ్చి, 2010లో ప్రైమరీ గండం రాగానే సరిహద్దులో కంచె పూర్తి చెయ్యాలని టీవీ ప్రకటనలిచ్చి, గెలిచాక 2013లో మళ్ళీ ఎస్.744 రాశాడు. 2014 జనవరిలో అరిజోనా రిపబ్లికన్ పార్టీ ఆయన్ని అభిశంసించింది. తప్పెవరిది? నేనైతే చెరి సగం అంటాను. ఆయన ఏ మాట మీద నిలబడతాడో మధ్యలో మూడేళ్ళు ఆయనే తెలియనివ్వలేదు.

ఇంతసేపూ బేస్ ని వెనకేసుకొచ్చాను కదా, ఇక రెండో వైపు. బేస్ చేసేది వాళ్ళకే నష్టం అయిన సందర్భాలు కోకొల్లలు. విలియం బక్లీ అని, ఆధునిక అమెరికన్ కన్జర్వేటిజానికి పెద్దదిక్కు లాంటి మనిషి, 1967లోనే ఒక సూత్రం చెప్పాడు. గెలవగలిగిన వాళ్ళలోకెల్లా ఎక్కువ కన్జర్వేటివ్ ఎవరో వాళ్ళకి మద్దతివ్వమని. జనం రెండో సగం గుర్తుపెట్టుకుని "గెలవగలిగిన" అన్న మాట మర్చిపోయారు. 2010లో డెలావేర్ లో మైక్ కాసిల్ నిలబడి ఉంటే సెనేట్ సీటు దాదాపు చేతిలో ఉన్నట్టే. ప్రైమరీలో ఆయన్ని కాదని క్రిస్టీన్ ఓడానెల్ ని నిలబెట్టి ఘోరంగా ఓడారు. 2012లో ఇండియానాలో 36 ఏళ్ళు సెనేటర్ గా ఉన్న లూగర్ ని దించి మర్డాక్ ని పెట్టారు. సీటు డెమోక్రాట్లకి పోయింది.

మా ఊరి కథ కూడా అంతే. 2018లో బ్రాట్ అబిగేల్ స్పాన్ బర్గర్ అనే డెమోక్రాట్ చేతిలో రెండు శాతం తేడాతో ఓడిపోయాడు. కాంటర్ కి కోటలాంటి సీటు. మధ్యలో కోర్టు చెప్పి గీతలు మార్చిన మాట నిజమే గానీ, ఓడించింది మాత్రం మా హెన్రైకో, చెస్టర్ ఫీల్డ్ సబర్బ్ ల జనం. ఆవిడే 2025 నవంబరులో వర్జీనియా గవర్నర్ గా గెలిచింది. ఆవిడతో పాటు లెఫ్టినెంట్ గవర్నర్ గా గెలిచిన గజాలా హాష్మీ మన హైదరాబాదులో పుట్టిన మనిషి. ఆవిడ కూడా 2019లో ఇదే రిచ్మండ్ సబర్బ్ ల నుంచి, రిపబ్లికన్ చేతిలోని స్టేట్ సెనేట్ సీటు గెలుచుకునే రాజకీయాల్లోకి వచ్చింది. 36 వేల మంది 2014లో కొట్టిన దెబ్బ అలలు అలలుగా ఎక్కడిదాకా వచ్చిందో చూడండి.

ఇక్కడ పక్షపాతం లేకుండా ఒక మాట ఒప్పుకోవాలి. గెలుపు విషయంలో బేస్ ఎప్పుడూ తప్పే అని కాదు. 1964లో గోల్డ్ వాటర్ ని పెట్టి ఆరు రాష్ట్రాలతో సరిపెట్టుకున్నారు, నిజమే. కానీ 1980లో రీగన్ మరీ అతివాది, గెలవడు అన్నవాళ్ళుండగా 44 రాష్ట్రాలు గెలిచాడు. 2016లో ట్రంప్ సంగతి చెప్పక్కర్లేదు. అందుకే "గెలవాలంటే మమ్మల్నే పెట్టండి" అన్న మోడరేట్ల వాదన బేస్ కి ఎక్కదు. గెలుపు తప్ప మోడరేట్ల దగ్గర చెప్పుకోడానికి ఇంకేదైనా ఉండాలి. ఫలానాది ఎందుకు మంచిదో చెప్పగలగాలి.

నేను ఇంజినీరుని కాబట్టి మనుషుల కంటే సిస్టమ్ మీదకే బుద్ధి పోతుంది. 2021 జనవరి 13న ట్రంప్ అభిశంసనకి ఓటేసిన రిపబ్లికన్లు ప్రతినిధుల సభలో పదిమంది. నలుగురు మళ్ళీ పోటీయే చెయ్యలేదు. నలుగురు 2022 ప్రైమరీల్లో ఓడిపోయారు. అందులో లిజ్ చేనీ ఒకరు. ఆవిడ ఓటింగ్ రికార్డు చూస్తే పక్కా కన్జర్వేటివ్. అంటే మోడరేట్ అన్న ముద్రకి విధానాలతో పని లేకుండా పోయిందన్నమాట. మిగిలింది ఇద్దరు, కాలిఫోర్నియా నుంచి వాలడావో, వాషింగ్టన్ రాష్ట్రం నుంచి న్యూహౌస్. ఈ రెండు రాష్ట్రాల్లోనూ పార్టీలవారీ ప్రైమరీలు లేవు. అన్ని పార్టీల వాళ్ళూ ఒకే బ్యాలట్ మీద ఉంటారు, మొదటి ఇద్దరు నవంబరుకి వెళ్తారు. సెనేట్ లో ట్రంప్ ని దోషి అన్నవాళ్ళలో 2022లో ఎన్నికకి వెళ్ళింది అలాస్కా సెనేటర్ మర్కౌస్కీ ఒక్కర్తే. అక్కడా అందరికీ కలిపి ఒకే ప్రైమరీ. ఆవిడా గెలిచింది.

ఇదేం మంత్రం కాదు. అదే వాషింగ్టన్ రాష్ట్రంలో, అదే పద్ధతిలో హెరేరా బాట్లర్ మూడో స్థానానికి జారి ఓడిపోయింది. (ఆమెని దాటి వచ్చిన బేస్ అభ్యర్థి నవంబరులో డెమోక్రాట్ చేతిలో ఓడాడనుకోండి.) కానీ పదిమందిలో మిగిలిన ఇద్దరూ ఆ పద్ధతిలోంచే రావడం యాదృచ్ఛికం కాదని నా నమ్మకం. వందమందిలో పదిమంది వచ్చి అభ్యర్థిని తేల్చేస్తే, నాయకుడు ఆ పదిమందికే భయపడతాడు. ఇది బేస్ తప్పు కాదు. వాళ్ళు వచ్చారు, ఓటేశారు. తప్పు రాని తొంభై మందిది.

ఇక్కడే మన గురించి చెప్పాలి. కోపం రావచ్చు, తిట్టుకోండి.

వర్జీనియాలో ఓటర్లకి పార్టీ రిజిస్ట్రేషన్ లేదు. ఎవరైనా ఏ పార్టీ ప్రైమరీలోనైనా, ఒకేరోజు రెండింటిలో కాకుండా, ఓటెయ్యొచ్చు. 2014లో నాకు ఓటు లేదు, హెచ్-1బి మీద ఉన్నాను. కానీ సిటిజెన్లయిన మనవాళ్ళు మా కౌంటీలోనే బోలెడు మంది. ఆ మధ్యాహ్నం వాళ్ళలో ఒకాయన్ని అడిగాను, ఓటేశారా అన్నగారూ అని. "ఇవాళ ఎలక్షనా? నవంబరులో కదా!" అన్నారు. ఆయన తమ్ముడు గ్రీన్ కార్డు క్యూలో ఉన్నాడు. ఇదే అన్నగారు అంతకుముందు ఏడాది ఒక రాజకీయ నాయకుడి విందుకి టికెట్ కొని, పక్కన నిలబడి ఫోటో దిగి, హాల్లో ఫ్రేమ్ కట్టించి పెట్టుకున్నారు. మన సంఘాల మహాసభల్లోనూ అదే తంతు కదా. శాలువా కప్పుతాం, చెక్కు ఇస్తాం, ఫోటో దిగుతాం. కాంటర్ కి డబ్బు తక్కువై ఓడలేదండీ. 50 లక్షల డాలర్లున్నాయి. ఏడు వేల ఓట్లు లేకపోయాయి.

2024 డిసెంబరులో మళ్ళీ అదే సినిమా. శ్రీరామ్ కృష్ణన్ ని ఏఐ సలహాదారుగా ప్రకటించగానే బేస్ లోంచి పెద్ద గోల. మస్క్, రామస్వామి హెచ్-1బిని వెనకేసుకొచ్చారు. ట్రంప్ కూడా అప్పటికి మంచిదే అన్నాడు. మనవాళ్ళు వాట్సాప్ లో లడ్డూ బొమ్మలు పంచుకున్నారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి పిటిషన్లకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది. డబ్బున్న మిత్రులు ట్వీట్లు వేస్తారు, బేస్ ఓట్లు వేస్తుంది. ఏది ఎక్కువ బరువో కాంటర్ ని అడిగితే చెప్తాడు.

నా గ్రీన్ కార్డు 2022లో వచ్చింది, పదకొండేళ్ళకి. మా బావమరిదిది 2016 డేటు. వాడి కూతురు ఇక్కడికి వచ్చేటప్పటికి మూడేళ్ళ పిల్ల, ఇప్పుడు హైస్కూల్లో ఉంది. ఇరవై ఒకటి నిండేలోగా వాడి నంబరు రాకపోతే ఆ పిల్ల క్యూలోంచి పడిపోతుంది. తెలిసిన దేశం ఇదొక్కటే దానికి. నేను కోపం తెచ్చుకుంటే దానికేమీ ఒరగదు.

2027లో నాకు సిటిజెన్షిప్ కి అర్హత వస్తుంది. ఏ పార్టీకి వేస్తానో ఇప్పుడే చెప్పను, అభ్యర్థిని బట్టి. కానీ నా మొదటి ఓటు నవంబరులో వెయ్యను. జూన్ లో, ప్రైమరీలో వేస్తాను. ఆ సంగతి మొన్న పక్కింటి పెద్దాయనతో చెప్పాను. ఆయనకి ఇప్పుడు ఎనభై దాటాయి, వినికిడి తగ్గింది. రెండుసార్లు చెప్పించుకుని నవ్వారు.

"మంచిది. ఆ రోజు నన్ను కూడా కార్లో తీసుకెళ్ళు. నీ ఓటు నేను కొట్టేస్తాలే" అన్నారు.

తీసుకెళ్తాను.